ఎనకపాట ఈరప్ప

గుడ్డాలపల్లి భజన జట్టు వస్తుందంటే పామిడి చుట్టుపక్కల ఊళ్లలో పాట వినడానికి ఎంతమంది వచ్చేవాళ్లో, తిప్పేస్వామి ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో కనిపెట్టడానికి అంతమంది వచ్చేవాళ్లు. బీడీకట్టలు పందెం కాసేవాళ్లు. కొందరు ఎద్దులబండి ఎక్కి నిలబడి అతని మెడ వంక చూసేవాళ్లు. కొందరు పక్కకు చేరి పొట్ట వంక చూసేవాళ్లు. ఆ జట్టుకు పేరు తెచ్చిన పాట ఒకటుంది:

"పెన్న దాటి వస్తివే పెద్దమబ్బా, మా చేనిమీద నిలిచినట్టే నిలిచి యాడికి పోతివే..."

తిప్పేస్వామి నాయన కట్టిన పాట అది. చరణాలన్నీ ఇంతే పొడుగు. తిప్పేస్వామి ఎత్తుకుంటే తీగ సాగదీసినట్టు సాగదీసి, ఆ చివరి "పోతివే"ను ఊరి బయట కందిచేల దాకా వినబడేటట్టు నిలబెట్టి, అప్పుడు జట్టుకు వదిలేవాడు. మధ్యలో ఊపిరి తీసిన జాడే ఉండేది కాదు. అందుకే పందెం కాసినవాళ్లలో గెలిచినవాడూ లేడు, ఓడినవాడూ లేడు.

ఆ గుట్టు తెలిసినవాడు ఒక్కడే. వాడు జనంలో లేడు. తిప్పేస్వామికి ఎదురుగా, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, చేతుల్లో చెక్కలు వాయిస్తూ అడుగు వేస్తుండేవాడు. కమ్మరి ఈరప్ప.

జట్టు అంటే నలుగురే. ముందరపాట తిప్పేస్వామిది. దాన్ని అందుకుని తిరిగి పాడే ఎనకపాట ఈరప్పది. బాలప్ప మద్దెల మెడకు తగిలించుకుని వాయించేవాడు, పాటకూ పాటకూ నడుమ జనాన్ని నవ్వించేవాడు. పాపన్న ఒక పక్కగా హార్మోనియం పెట్టె ముందు కూర్చునేవాడు. నలుగురూ ఒకే ఊరివాళ్లు. వానలు పడితే సేద్యం పనులు, పడకపోతే భజనలు. ఆ ప్రాంతంలో వానలు పడని ఏళ్లే ఎక్కువ కాబట్టి జట్టుకు చేతినిండా పని ఉండేది.

ఈరప్ప పాట ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొలిమి దగ్గర పుట్టినవాడు. నాగలి కర్రు కాల్చి సుత్తి దెబ్బ వేస్తే, ఆ మోత ఎక్కడ పుట్టి ఎక్కడ ఆగుతుందో చెవి ఒగ్గి వినేవాడు. ఇనుము చల్లారేకొద్దీ మోత ఎందుకు మారుతుందో చూద్దామని, పనికిరాని ముక్కలను కూడా కాల్చి కొట్టేవాడు. "బొగ్గులు ఊరికే వస్తాండాయా?" అని పెళ్లాం నల్లమ్మ కసిరేది. ఇనుముతో ఉన్న ఆ అలవాటే పాటతోనూ వచ్చింది.

మొదలైంది డెబ్బైల తొలినాళ్ల కరువులో. శింగనమల పక్క ఒక పల్లెలో వాన కోసం భజన పెట్టారు. దానికొక కట్టడి ఉంది. పొద్దు పొడిచినప్పుడు ఎత్తుకున్న పాట పొద్దు మునిగేదాకా కింద పడకూడదు. ఒకరి గొంతు ఆగేలోపు ఇంకొకరి గొంతు అందుకోవాలి, లేదంటే మద్దెలైనా నడుస్తుండాలి. నడుమ ఒక్క క్షణం నిశ్శబ్దం వచ్చినా పాట పడినట్టే. అప్పుడు టెంకాయ కొట్టి మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాలి.

ఆ మధ్యాహ్నం ఎండ నెత్తిమీద ఉంది. తిప్పేస్వామికి నాలుక పిడచకట్టింది. "పోతివే" అని నిలబెట్టిన చోట గొంతు సన్నగా వణికింది. ఎదురుగా ఉన్న ఈరప్పకు అది తెగబోతున్నదని తెలిసింది. తన వంతు ఇంకా రాలేదు. అయినా అదే స్థాయిలో, అదే అక్షరం మీద తన గొంతును కింద చేర్చాడు. తిప్పేస్వామి గొంతు ఆగింది, ఈరప్పది సాగింది, తిప్పేస్వామి ఊపిరి తీసుకుని మళ్లీ కలిశాడు. జనానికి తెలియలేదు. తిప్పేస్వామికి కూడా తెలియలేదు. "ఈపొద్దు నా దమ్ము చూస్తిరా! దేవుడే వచ్చి నిలబడినట్టుండె," అన్నాడు సాయంత్రం మజ్జిగ తాగుతూ.

ఈరప్ప చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అప్పుడు అతని మనసంతా వేరే దాని మీద ఉంది. రెండు ఇనుములను అతికేటప్పుడు అతుకు కనబడకుండా చేయడం కమ్మరికి తెలిసిన పనే. రెండు గొంతులను కూడా అట్లా అతకవచ్చా? మరుసటి భజనలో మళ్లీ చేసి చూశాడు. కుదిరింది. ఎంత ముందుగా చేరితే తెలియకుండా ఉంటుందో చూశాడు. నోరు ఎంత తెరవాలి, తల ఎటు తిప్పాలి, గజ్జెల మోతలో ఎక్కడ దూరాలి, ఒక్కొక్కటే పట్టుకున్నాడు. ఏళ్లు గడిచేసరికి అది అతను చేసే పనిలా కాక, అడుగు వేయడంలా అయిపోయింది.

ఈలోగా జట్టు పేరు పెరిగింది. నల్లమాడ నుంచి పిలుపులు వచ్చాయి. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారుల ఇళ్లలో పెండ్లిళ్లకు పిలిచి పట్టుపంచెలు కప్పారు. తిప్పేస్వామి మాత్రం భజనలు లేని నెలల్లో పామిడిలో వేరుశెనగ బుడ్డలు ఒలిచే మిషన్ దగ్గర పనికి పోయేవాడు. ఆ పొట్టు దుమ్ములో నిలబడి నిలబడి అతని ఊపిరి తరుగుతూ వచ్చింది. తరిగిన కొద్దీ ఈరప్ప పూడ్చాడు. మొదట ఒక అక్షరం పూడ్చినవాడు ఒక మాట పూడ్చాడు, తర్వాత రెండు మాటలు. ఈరప్పకు కావలసింది ఒకటే. తిప్పేస్వామి గొంతు ముందర ఉండాలి. ఆ గొంతు లేకపోతే జట్టు లేదు. తనకంటూ వేరే పాట లేదు.

ఎనభై నాలుగులో అనంతపురం నుంచి నరసింహప్ప అనే ఆయన వచ్చాడు. టేపురికార్డర్లు బాగుచేసే అంగడి ఆయనది. భజనలు క్యాసెట్లలో పట్టి జాతరల్లో అమ్ముతున్నాడు. గుడ్డాలపల్లి జట్టు పాటలు కావాలన్నాడు. నలుగురూ ఉతికిన పంచెలు కట్టుకుని బస్సెక్కారు.

అంగడి వెనక చిన్న గది. గోడల నిండా బొంతలు వేలాడదీసి ఉన్నాయి. మోత వస్తుందని ఫ్యాను ఆపేశారు. నరసింహప్ప గజ్జెలు కూడా విప్పించాడు.

"తిప్పన్నా, నువ్వొక్కడివే మైకు ముందర నిలబడు. మీరు ముగ్గురూ ఆ గోడకాడికి పోండన్నా."

"పెండ్లికొడుకును ఒక్కణ్ణే ఫోటో తీస్తాడంటప్పా," అన్నాడు బాలప్ప మద్దెల ఎత్తుకుంటూ. "మనం బంతిలో కూచుందాం పాండి."

పాడారు. చెమటతో పంచెలు ఒంటికి అతుక్కున్నాయి. నరసింహప్ప టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. "పెన్న దాటి వస్తివే పెద్దమబ్బా, మా చేనిమీద నిలిచినట్టే..." ఇంతవరకు తిప్పేస్వామి గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి మాయమైంది. రంపం లాగినట్టు ఊపిరి పీల్చిన చప్పుడు. ఎక్కడో ఏటి అవతలి గట్టునుంచి పిలిచినట్టు ఇంకో మనిషి గొంతు, "నిలిచి యాడికి పోతివే" అంటోంది.

"మా మిషన్‌దే తప్పేమో. ఇంగోసారి చేద్దామన్నా," అన్నాడు నరసింహప్ప మర్యాదగా.

ఇంకోసారి చేశారు. అంతే వచ్చింది.

"అన్నా, లైను కడాకు నీ గొంతు యాడికి పోతాంది?"

బాలప్ప తన మద్దెల తోలు వంక చూస్తూ ఉండిపోయాడు. పాపన్న హార్మోనియం మెట్లు తుడవడం మొదలుపెట్టాడు.

"ఆ కడాకు పాడేది ఎవురు?" అన్నాడు తిప్పేస్వామి.

"నేనేన్నా," అన్నాడు ఈరప్ప.

తిప్పేస్వామి చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. పామిడి బస్సులో వేరే సీటులో కూర్చున్నాడు.

ఈరప్పకు ఆ వారమంతా పని మీద చెయ్యి నిలవలేదు. తాను చేసింది మంచిదా చెడ్డదా అన్నది అతనికి తెగడం లేదు. నల్లమ్మతో అంటే ఆమె కొలిమికి గాలి కొట్టే చేతిఫ్యాను తిప్పడం ఆపి, కొలిమి మూలకు పోయి, పాత తోలుతిత్తులు రెండూ ఈడ్చుకొచ్చి అతని ముందు పడేసింది. చేతితో తిప్పే ఇనుప ఫ్యాను కొన్నప్పటినుంచి వాటిని మూలకు వేశారు. అంతకుముందు ఏళ్ల తరబడి వాటిని తొక్కింది ఆమె కాళ్లే.

"దీన్ని వంచు చూద్దాం," అంది.

ఈరప్ప వంచబోయాడు. వంగలేదు. తోలు కట్టెబారింది. ఇంకొంచెం గట్టిగా వంచితే పటుక్కున పగిలింది.

"నేను తొక్కినన్నాళ్లు మెత్తగ ఉండె. ఫ్యాను వచ్చె, దీనికి పని లేకపాయె. నువ్వు తిప్పన్నకు ఫ్యాను అయితివప్పా," అని మళ్లీ పోయి కూర్చుంది.

తిప్పేస్వామి దమ్ము దుమ్ముకు తరిగిందా, తాను పూడ్చడం వల్ల తరిగిందా? ఎంత దేనివల్ల? దాన్ని తెలుసుకునే దారి అతనికి ఏ వైపు నుంచీ కనబడలేదు.

మరునాడు పొద్దున తిప్పేస్వామే కొలిమి దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు.

"పాడతా. నోరు మూసుకోని విను," అన్నాడు.

ఎత్తుకున్నాడు. "నిలిచినట్టే" దగ్గర ఆగిపోయింది. దగ్గు వచ్చింది. మళ్లీ ఎత్తుకున్నాడు. అక్కడే ఆగింది. మొగం ఎర్రబడింది.

"ఎప్పట్నుంచిరా?"

"మొదలయ్యింది గుర్తుండాది. ఇంత ఎప్పుడయ్యిందో తెలీదన్నా."

"నాకు యాల చెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు ముందర నిలబడవని."

"నిలబడేదీ లేనిదీ నేను గదా చూసుకోవాల్సింది! దమ్ము తగ్గతాందని తెలిసింటే శ్రుతి దించుకొనింటా. పాటను కోసుకొనింటా. ఆ మిషన్ పని మానుకొనింటా. ఏమీ తెలీనియ్యకపోతివి. ఊరూరా జనం నా మెడ చూస్తాంటే, నేనేమో ఎగిరెగిరి పాడితి. సిగ్గు లేకుండా!"

ఫ్యాను దగ్గరనుంచి నల్లమ్మ అంది: "బాగ అడిగినావు తిప్పన్నా. ఈ మనిసి ఇంట్లో గూడా ఇంతే. నేను మాట మొదలుపెడితే కడాకు ఆయనే చెప్తాడు."

తిప్పేస్వామికి నవ్వు వచ్చింది, దగ్గూ వచ్చింది. "ఇంగ నువ్వే ముందర పాడుపో," అని వెళ్లిపోయాడు.

ఈరప్ప ప్రయత్నించాడు కూడా. సాయంత్రం పాపన్న ఇంటి అరుగు మీద ముగ్గురూ కూర్చున్నారు. పాపన్న శ్రుతి పట్టాడు. బాలప్ప మద్దెల మీద చెయ్యి వేశాడు. ఈరప్ప నోరు తెరిచాడు, మూశాడు. పాట అంతా తెలుసు. మాటలన్నీ వచ్చు. అయితే ఎవరో ఒకరు ముందుగా మొదలుపెట్టి ఉండాలి. అతని గొంతు అందుకోవడానికి గాలిలో ఏదో ఒకటి ఉండాలి. అది లేకుండా ఎక్కడ కాలు పెట్టాలో అతనికి తెలియలేదు.

"ఏమన్నా, పామిడి బస్సు వస్తాదని చూస్తాండావా?" అన్నాడు బాలప్ప.

ఒకసారి మొదలుపెట్టాడు. ఎవరి పాటకో వంత పాడుతున్నట్టే వచ్చింది. పాపన్న పెట్టె మూసేశాడు.

ఆ ఏడు కూడా వాన మొగం చాటేసింది. పెన్న అవతలి పల్లెవాళ్లు వాన భజనకు వచ్చి అడిగారు. వాన కోసం పిలిస్తే రాము అనడం ఆ జట్టులో లేదు. ముగ్గురూ తిప్పేస్వామి ఇంటికి పోయి గడప బయట నిలబడ్డారు.

"వస్తా," అన్నాడు తిప్పేస్వామి. "ఈరప్పా, నేను నీ మొగం చూస్తేనే అందుకో. చూడకుంటే నోరు తెరవాకు."

"పాట పడిపోతే?"

"పడనీ. యాడ పడతాదో, ఎట్ల పడతాదో నేను చూడాల."

భజన రోజు పొద్దు పొడిచేసరికి జనం చేరారు. ఈరప్పకు తన గొంతు మీద నమ్మకం లేదు. అలవాటు పడిన గొంతు, దానంతట అదే దూరుతుంది. అందుకని భుజం మీది తువ్వాల కొన తెచ్చి పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాడు.

"అట్ల కరుచుకుంటే జనం ఏమనుకుంటారప్పా," అన్నాడు బాలప్ప, "పంటినొప్పి అనుకుంటారు."

తిప్పేస్వామి ఎత్తుకున్నాడు. "నిలిచినట్టే" దగ్గర గొంతు ఆగింది. అతను ఈరప్ప వంక చూడలేదు. ఈరప్ప తువ్వాల కొరికాడు. మద్దెల ఒక్కటే రెండు దెబ్బలు మోగి ఆగిపోయింది.

"అయ్యో, పాట పడిపాయనే!" అంది ముందు వరసలో కూర్చున్న లక్ష్మీదేవమ్మ అనే ముసలామె. చుట్టూ గుసగుసలు లేచాయి. ఇన్నేళ్లలో గుడ్డాలపల్లి జట్టు పాట పడగా ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు.

టెంకాయ కొట్టారు. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే పడింది. ఊరిపెద్ద లేచి నిలబడ్డాడు. వెనక ఎవరో "వాన వచ్చినట్టేలే" అన్నారు. ఈరప్ప దవడలు నొప్పి పుట్టాయి. తిప్పేస్వామి ఒక్కసారి, ఒక్క మాటకు తన వైపు చూస్తే చాలు, అంతా నిలబడుతుంది. తిప్పేస్వామి నేల వంక చూస్తున్నాడు. లెక్క వేసుకుంటున్న మనిషి మొగంలా ఉంది అతని మొగం. తర్వాత పాపన్న దగ్గరికి నడిచిపోయి ఏదో చెప్పాడు. పాపన్న రెండు మెట్లు కిందికి దించి శ్రుతి పట్టాడు.

రెండో టెంకాయ. ఈసారి తిప్పేస్వామి తొందరపడలేదు. కింది శ్రుతిలో అతని గొంతు వేరే మనిషిది అనిపించేటట్టు మందంగా, దగ్గరగా ఉంది. "పెన్న దాటి వస్తివే పెద్దమబ్బా..." దగ్గరే ఆపాడు. ఊపిరి ఉండగానే ఆపాడు. చేతిలో చెక్కలు మాత్రం ఆపలేదు, అడుగు ఆపలేదు. బాలప్ప అది పట్టుకుని మద్దెల నడిపించాడు. "మా చేనిమీద..." అని ఆగాడు. "నిలిచినట్టే నిలిచి..." అని మళ్లీ ఆగి, మబ్బు నిజంగా అక్కడే ఉన్నట్టు తలెత్తి పైకి చూశాడు.

జనం కూడా తలలెత్తారు. మద్దెల నడుస్తూనే ఉంది కాబట్టి పాట పడలేదు. అయితే మాట రాలేదు. నిలిచి ఏం చేసింది? వందసార్లు విన్న పాటే, అందరికీ తెలిసిన మాటే. అయినా అది ఎప్పుడు వస్తుందా అని అందరూ కాచుకున్నారు. అప్పుడు తిప్పేస్వామి ఈరప్ప మొగం చూశాడు.

ఈరప్ప తువ్వాల వదిలాడు. అతని గొంతు బయటికి వచ్చేలోపే ముందు వరసలో లక్ష్మీదేవమ్మ రెండు చేతులూ పైకెత్తి, "యాడికి పోతివే!" అంది. ఆమె పక్కనున్న ఆడవాళ్లు అన్నారు. ఈరప్ప వాళ్లతో కలిశాడు. వాళ్ల వెనక మగవాళ్లు అన్నారు. తిప్పేస్వామి తీరికగా ఊపిరి తీసుకుని రెండో చరణం ఎత్తుకున్నాడు.

ఆ పాట ఆ రోజు పొద్దు మునిగేదాకా మళ్లీ పడలేదు. అందరికీ నచ్చిందని కాదు. "పాతమాదిరి లేదప్పా, ముక్కలు ముక్కలు చేసి పెట్టినాడు," అని ఊరిపెద్ద పోయేటప్పుడు అన్నాడు. పందెం కాయడానికి వచ్చినవాళ్లు మధ్యాహ్నమే లేచిపోయారు. వాన కూడా రాలేదు.

తిరుగు బస్సులో నలుగురూ ఒకే సీటు చుట్టూ చేరారు. తిప్పేస్వామి మిగిలిన చరణాలను ఎక్కడెక్కడ ఆపాలో వేళ్ల మీద చూపిస్తున్నాడు. మూడో చరణం దగ్గర ఈరప్ప అడ్డం పడ్డాడు.

"ఆడ కోస్తే అర్థం చెడతాదన్నా. ఇంగో మాట పోనిచ్చి ఆపు."

"అంత దూరం నాకు దమ్ము చాలదురా."

"చాలుతాది. కింది శ్రుతి గదా."

"చాలకుంటే?"

"చాలకుంటే ఆపు. నేనేమన్నా అంటానా?"

"నువ్వు అనవు. దూరతావు," అన్నాడు తిప్పేస్వామి. బాలప్ప పకపకా నవ్వాడు. బస్సులో జనం తిరిగి చూశారు.

"సరే, పాడి చూస్తా," అని తిప్పేస్వామి మూడో చరణాన్ని అక్కడే, బస్సు మోతలోనే, మెల్లగా ఎత్తుకున్నాడు. ఈరప్ప చెప్పిన మాట దాకా వచ్చాడు. దాన్ని దాటి ఇంకో మాట పోయాడు. అక్కడ ఆగాడు. ఈరప్ప నోరు తెరిచి, మూసుకున్నాడు. తిప్పేస్వామి కిటికీలోంచి బీడు చేలను చూస్తూ ఏదో ఆలోచిస్తున్నాడు. ఆ మొగం తన వైపు తిరిగేదాకా ఈరప్ప కాచుకుని కూర్చున్నాడు.